పాఠకుల ప్రశ్నలు: ఎదోముతో పగ ఎక్కడ మొదలైంది?

పోయిన నెల ఇదే శీర్షికలో బైబిల్లోని ఏశావు గురించి నాలుగు మాటలు రాశాను. ఇస్సాకు కవల కొడుకుల్లో పెద్దవాడు అతను. తమ్ముడు యాకోబు, ఇశ్రాయేలీయుల మూలపురుషుడు. ఏశావును తిండికి ఆశపడ్డ అమాయకుడిగా లెక్కగట్టి వదిలేస్తున్నామనీ, అతని సంతతిగా చెప్పుకునే ఎదోమీయుల చరిత్ర చదివితే ఆ లెక్క మారుతుందనీ అన్నాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లోంచి ఐదు ప్రశ్నలు తీసుకున్నాను. పశ్చిమాసియా ప్రాచీన చరిత్ర పాఠాలు చెప్పిన రోజుల నుంచీ నా మనసుకు దగ్గరైన విషయం ఇది. మొదటి జవాబు పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మాస్టారూ, ఏశావు ఆకలి మీద ఉండి చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వం అమ్ముకున్నాడు. తరవాత యాకోబు తండ్రిని మోసం చేసి దీవెన కూడా కొట్టేశాడు. కానీ చివరికి అన్నదమ్ములిద్దరూ కౌగిలించుకుని ఏడ్చారు కదా! మరి వాళ్ళ సంతతి వందల ఏళ్ళు ఎందుకు కొట్టుకున్నట్టు? ప్రవక్తలు ఎదోమును అంత ఘోరంగా ఎందుకు శపించినట్టు?

జవాబు: అమ్మా, ఆ కౌగిలింత గుర్తుచేసినందుకు ముందు మీకు నమస్కారం. చాలామంది వంటకం దగ్గరో, యాకోబు చేతులకు చుట్టిన మేకపిల్లల తోలు దగ్గరో ఆగిపోతారు. ఆదికాండం 33వ అధ్యాయం దాకా వచ్చేవాళ్ళు తక్కువ. అన్న 400 మందిని వెంటబెట్టుకుని ఎదురొస్తున్నాడని వినగానే యాకోబుకు పై ప్రాణాలు పైనే పోయాయి. 200 మేకలు, 20 మేకపోతులు, 200 గొర్రెలు, 20 పొట్టేళ్ళు, పాలిచ్చే ఒంటెలు 30 పిల్లలతో సహా, ఇంకా ఆవులు, గాడిదలు... ఇన్నిటినీ గుంపులు గుంపులుగా ముందు పంపాడు. తానేమో ఏడుసార్లు నేల మీద సాగిలపడ్డాడు. ఏశావు పరుగెత్తుకుంటూ వచ్చి మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నాడు. ఈ మందలన్నీ ఎందుకని అడిగి, "తమ్ముడూ, నాకు కావలసినంత ఉంది, నీది నువ్వే ఉంచుకో" అన్నాడు. ఆస్తిలో మోసపోయిన అన్న నోటి నుంచి ఇంత నిండైన మాట పాత గ్రంథాల్లో ఇంకెక్కడా నాకు కనబడలేదు. తండ్రి పోయినప్పుడు ఇద్దరూ కలిసే పాతిపెట్టారు. ఏశావు శేయీరు కొండలకు వెళ్ళిపోవడానికి ఆదికాండం చెప్పే కారణం కూడా ఇద్దరి మందలకూ ఆ నేల చాలకపోవడమే.

అంటే అన్నదమ్ముల తగాదా ఆ పుస్తకంలోనే తీరిపోయింది. జాతుల తగాదా మూలం నేల మీద వెతుక్కోవాలి.

మృత సముద్రం దక్షిణపు కొస నుంచి అకాబా సింధుశాఖ దాకా సుమారు 170 కిలోమీటర్ల పొడవున అరాబా అనే లోతైన లోయ ఉంది. దానికి తూర్పున గోడ కట్టినట్టు లేచే కొండలే ఎదోము. బైబిల్లో శేయీరు అన్నా దాదాపు ఇదే. ఇప్పుడది దక్షిణ జోర్డాన్‌లో భాగం. చాలాచోట్ల ఎత్తు 1,500 మీటర్లు దాటుతుంది కాబట్టి పైన గోధుమ, బార్లీ పండేంత వాన పడుతుంది. ఇంకాస్త తూర్పుకు పోతే ఎడారే. లోయకు పడమట నెగెబు అనే ఎండు నేల, దానికి ఉత్తరాన యూదా కొండలు. బతకడం కష్టమైన ఈ ఎదోము దేశం చేతిలో పొరుగువాళ్ళకు కన్నుకుట్టే సొత్తులు మూడున్నాయి. దమస్కు వైపు నుంచి అకాబా దాకా కొండల మీదుగా సాగే రాజమార్గం ఒకటి. ఎర్రసముద్రపు రేవు రెండోది, బైబిల్లో ఏలతు, ఎసోన్గెబెరు అనే పేర్లతో వినబడేది. మూడోది ఫైనాన్ లోయలోని రాగి, బైబిల్ దీన్ని పూనోను అంటుంది. యూదా రాజుకు దక్షిణ సముద్రంలో ఓడ దించాలన్నా, అరేబియా సరుకు అందుకోవాలన్నా ఎదోము గడప తొక్కక తప్పదు.

గ్రంథంలో ఈ రెండు జాతుల మధ్య కనబడే మొదటి గొడవ దారి గురించే కావడం అందుకే నాకు ఆశ్చర్యం కలిగించదు. సంఖ్యాకాండం 20వ అధ్యాయంలో మోషే కాదేషు నుంచి ఎదోము రాజుకు దూతల్ని పంపుతాడు. "నీ సహోదరుడైన ఇశ్రాయేలు అడుగుతున్నాడు" అని మొదలవుతుంది ఆ కబురు. మీ పొలాల్లోకీ ద్రాక్షతోటల్లోకీ దిగం, బావుల నీళ్ళు తాగం, రాజమార్గం విడిచి కుడికీ ఎడమకీ తిరగం అంటారు. కుదరదు పొమ్మంటాడు రాజు. పోనీ మేమూ మా పశువులూ తాగే నీళ్ళకు డబ్బిచ్చుకుంటాం, కాలినడకన దాటిపోతాం అంతే అని మళ్ళీ బతిమాలుతారు. ఈసారి సైన్యమే ఎదురొస్తుంది. ఇశ్రాయేలీయులు చుట్టూ తిరిగిపోతారు. ఎదోము రాజును ఇక్కడ నేను తప్పుపట్టలేను. ఎడారి అంచున ఉన్న నాలుగు బావుల మీద జనమూ మందలూ ఒక్కసారిగా వచ్చి పడితే ఆ ఏడు తన ప్రజల గతి ఏమిటి? ఇదే సంగతిని ద్వితీయోపదేశకాండం 2వ అధ్యాయం ఇంకో రకంగా గుర్తుపెట్టుకుంది. అక్కడ ఏశావు సంతతి ఇశ్రాయేలీయులకు నీళ్ళూ తిండీ అమ్మినట్టే ఉంటుంది. పైగా దేవుడు మోషేను గట్టిగా హెచ్చరిస్తాడు: వాళ్ళతో కలహం పెట్టుకోవద్దు, శేయీరు నేను ఏశావుకిచ్చాను, అందులో మీకు అడుగు పట్టేంత నేల కూడా ఇవ్వను. ఇదే గ్రంథం 23వ అధ్యాయంలో అమ్మోనీయుల్నీ మోయాబీయుల్నీ పదో తరం దాకా సమాజంలో చేర్చుకోవద్దంటుంది. ఎదోమీయుడి మాట వచ్చేసరికి మాత్రం అతను నీ సహోదరుడు గనుక అసహ్యించుకోవద్దు, మూడో తరం నుంచి చేర్చుకోవచ్చు అంటుంది. అంటే ధర్మశాస్త్రం రాసినవాళ్ళ మనసులో ఎదోముకు ఒక మెత్తని చోటు ఉంది.

రక్తపు పగ ఎక్కడ మొదలైందని నన్నడిగితే దావీదు కాలం చూపిస్తాను. అంతకు ముందు ఇశ్రాయేలు తొలి రాజు సౌలు ఎదోముతో పోరాడాడని ఒక ముక్క ఉంది. సౌలు కొలువులో దోయేగు అనే ఎదోమీయుడు నోబు యాజకుల్ని 85 మందిని చంపిన కథ కూడా ఉంది. అవి వేరు. దావీదు చేసింది దేశాన్ని లొంగదీయడం. ఉప్పులోయలో 18,000 మందిని చంపాడనీ, ఎదోము అంతటా దండు ఉంచాడనీ సమూయేలు రెండో గ్రంథం చెబుతుంది. అదే విజయాన్ని దినవృత్తాంతాల గ్రంథం దావీదు సేనానుల్లో ఒకడైన అబీషై ఖాతాలో వేస్తుంది, 60వ కీర్తనకు పైన ఉన్న పరిచయ వాక్యం అతని అన్నదమ్ముడు, సేనాధిపతి యోవాబు ఖాతాలో వేస్తుంది. గొప్పగా చెప్పుకున్న గెలుపు కాబట్టే అందరూ పంచుకున్నారు. ఆ గెలుపు తరవాత ఏం జరిగిందో రాజులు మొదటి గ్రంథం 11వ అధ్యాయం చెబుతుంది, అదీ సొలొమోను శత్రువుల జాబితాలో, వేరే ప్రస్తావన మధ్యన. చచ్చినవాళ్ళను పాతిపెట్టడానికి వెళ్ళిన యోవాబు సైన్యంతో ఆరు నెలలు ఎదోములోనే ఉండి మగవాళ్ళందర్నీ చంపాడు.

ఆరు నెలలు! యుద్ధం కోపంలో జరుగుతుంది, ఒక రోజులో ముగుస్తుంది. ఆరు నెలలంటే ఊరు ఊరు వెతకడం.

ఆ వేటలోంచి ఒక పిల్లవాడు తప్పించుకున్నాడు. పేరు హదదు, రాజవంశం. తండ్రి సేవకులు కొందరు అతన్ని తీసుకుని మిద్యాను మీదుగా పారానుకూ, అక్కడ మనుషుల్ని తోడు తీసుకుని ఐగుప్తుకూ చేరారు. ఫరో ఇల్లిచ్చాడు, భూమి ఇచ్చాడు, తన భార్య తహ్పెనేసు చెల్లెల్ని ఇచ్చి పెళ్ళి చేశాడు. కొడుకు పుడితే ఫరో ఇంట్లో ఫరో పిల్లలతో పెరిగాడు. ఇంతలో దావీదు చనిపోయాడనీ యోవాబు కూడా పోయాడనీ కబురు వచ్చింది. హదదు ఫరో దగ్గరికెళ్ళి, నన్ను నా దేశం పోనివ్వు అన్నాడు. ఇక్కడ నీకేం తక్కువైంది అన్నాడు ఫరో. "తక్కువేమీ లేదు, అయినా నన్ను పోనివ్వు." ఇశ్రాయేలీయుల రాజుల చరిత్ర రాసినవాడు శత్రువు నోట ఈ మాట ఉంచాడు. దేశం పోగొట్టుకున్న మనిషి బాధ తెలియనివాడు ఇది రాయలేడు.

తరవాతిదంతా దాయాదుల పోరే, గట్టు జరపడం, మళ్ళీ జరపడం. సొలొమోను ఎసోన్గెబెరులో ఓడలు కట్టించాడు. అతని తరవాత రాజ్యం రెండుగా చీలి, దక్షిణ భాగం యూదా అయింది. యూదా రాజు యెహోషాపాతు కాలంలో ఎదోముకు రాజు లేడు, అధిపతి ఒకడు ఏలాడు. యెహోషాపాతు ఓడలు ఆ రేవులోనే బద్దలయ్యాయి. అతని కొడుకు యెహోరాము ఏలుబడిలో, క్రీ.పూ. 9వ శతాబ్దం నడుమ, ఎదోము తిరగబడి సొంత రాజును పెట్టుకుంది. అణచడానికి రథాలతో వెళ్ళిన యెహోరాము, తనను చుట్టుముట్టిన సైన్యాన్ని రాత్రివేళ ఛేదించుకుని బయటపడ్డాడు. తరవాత యూదా రాజు అమజ్యా ఉప్పులోయలో 10,000 మందిని చంపి సెల కోట పట్టుకున్నాడు. ఇంకో 10,000 మందిని ప్రాణాలతో పట్టుకుని కొండకొమ్ము మీంచి తోసేశారని దినవృత్తాంతాల రెండో గ్రంథం చెబుతుంది. అతని కొడుకు ఏలతును తిరిగి కట్టించాడు. ఆహాజు కాలంలో అది మళ్ళీ చేజారింది, ఈసారి శాశ్వతంగా.

ఇప్పుడు ఆదికాండానికి తిరిగి వెళ్ళి, ఏడుస్తున్న ఏశావుకు ఇస్సాకు చెప్పిన మాట చూడండి: కత్తితో బతుకుతావు, తమ్ముడికి దాసుడవవుతావు, తెగించిన రోజున అతని కాడి నీ మెడ మీంచి విరిచేస్తావు. దావీదు వేసిన కాడి, యెహోరాము కాలంలో విరిగిన కాడి రెండూ ఇందులో ఉన్నాయి. ఈ కథ ఇప్పుడున్న రూపానికి వచ్చేసరికి చెప్పేవాళ్ళకూ వినేవాళ్ళకూ ఆ రెండు సంఘటనలూ తెలుసని చాలామంది పండితులు అంటారు. నేనూ అదే నమ్ముతాను. పగ రగులుతుండగానే ఈ కథ చెప్పినవాళ్ళు తమ మూలపురుషుణ్ణి మోసగాడిగా చూపించారు, శత్రువుల మూలపురుషుణ్ణి పరుగెత్తుకొచ్చి కౌగిలించుకునేవాడిగా చూపించారు. ఎంత పెద్ద మనసు అది!

ప్రశ్న: చరిత్ర విద్యార్థిని. క్రీ.పూ. 8వ శతాబ్దానికి ముందు ఎదోము రాజ్యమే లేదని తవ్వకాల్లో తేలిందని చదివాను. అలాగైతే దావీదు ఎవరిని ఓడించినట్టు?

జవాబు: మంచి ప్రశ్న, నాయనా. ముందు పేర్ల వయసు చూద్దాం. ఐగుప్తు సరిహద్దు అధికారి ఒకడు పైవాళ్ళకు పంపిన నివేదిక పపైరస్ మీద మిగిలింది. ఎదోముకు చెందిన షాసు తెగలవాళ్ళను కోట దాటించి పీతోము చెరువుల దగ్గరికి పంపాం, వాళ్ళూ వాళ్ళ పశువులూ బతకాలి కదా అని అందులో రాశాడు. ఇది క్రీ.పూ. 13వ శతాబ్దం చివరి మాట. ఇశ్రాయేలు అనే పేరు మొదటిసారి కనబడే మెర్నెప్టా శిలాశాసనం సుమారు క్రీ.పూ. 1208 నాటిది. అంటే ఈ రెండు పేర్లూ ఇంచుమించు ఒకే తరంలో, ఒకే రాజ్యపు రాతల్లో చరిత్రకెక్కాయి. కవలలన్న కథకు ఇది రుజువని నేననను. అయినా చదివినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది.

రాజ్యం సంగతి వేరు. ఎదోము ముఖ్యపట్టణమైన బొస్రా ఇప్పటి బుసేరా. అక్కడ 1971 నుంచి క్రిస్టల్ బెనెట్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త తవ్వించింది. బయటపడ్డ పెద్ద కట్టడాలు, కోటగోడ క్రీ.పూ. 8వ శతాబ్దానికి ముందువి కావని తేలింది. మీరు చదివింది దాని ఆధారంగానే. తరవాత 2002 నుంచి థామస్ లెవీ, మొహమ్మద్ నజ్జార్ కలిసి ఫైనాన్ ప్రాంతంలో ఖిర్బత్ ఎన్ నహాస్ అనే చోట తవ్వారు. అక్కడ నేలే నల్లగా ఉంటుంది. రాతిలోంచి రాగి తీయాలంటే ఖనిజాన్ని దంచి, బొగ్గుతో కలిపి కొలిమిలో వేసి, మట్టిగొట్టాల గుండా తిత్తులతో గాలి ఊదుతూ దాదాపు 1,200 డిగ్రీల వేడి రప్పించాలి. రాగి అడుగున చేరుతుంది. పైన తేలే మడ్డి జిగటగా పారి, చల్లారి గాజులా నల్లబడుతుంది. ఆ చిట్టెం ముక్కలు అక్కడ గుట్టలు గుట్టలు. ఒకచోట ఆరు మీటర్ల లోతుకు పైగా తవ్వినా పొర మీద పొర చిట్టెమే. ఆ పొరల్లోని బొగ్గును కార్బన్ పద్ధతిలో పరీక్షిస్తే ఎక్కువ భాగం క్రీ.పూ. 10, 9 శతాబ్దాలదని తేలింది. పక్కనే ఒక్కో వైపు 73 మీటర్ల చతురస్రపు కోట ఉంది.

ఇంత పని ఎవరు చేయించారన్నదే తగవు. ఎదోములో అప్పటికే బలమైన పాలన ఉందంటాడు లెవీ. గనుల దగ్గరి పనినీ కొండల మీది తరవాతి రాజ్యాన్నీ ఒకటి చేయకూడదంటాడు ఇజ్రాయెల్ ఫింకెల్‌స్టీన్, కోట కాలాన్ని కూడా ఒప్పుకోడు. గుడారాల్లో తిరిగే తెగలు కూడా గోడలు కట్టకుండానే ఇంత శక్తిగా ఎదగగలవని ఎరెజ్ బెన్ యోసెఫ్ వాదన. నాకు ఇది సబబుగా తోస్తుంది. ఆదికాండం 36వ అధ్యాయంలో ఇశ్రాయేలుకు రాజు లేనప్పుడే ఎదోమును ఏలిన రాజుల పట్టీ ఉంది. ఎనిమిది మందిలో ఒక్కడు కూడా ముందు రాజు కొడుకు కాడు. ఊళ్ళూ వేరువేరు. అది తెగల్లోంచి ఎదిగిన నాయకుల వరస. దావీదు ఓడించింది అలాంటివాళ్ళనే అనుకుంటే గ్రంథానికీ తవ్వకాలకూ పేచీ చాలావరకు తగ్గిపోతుంది. అయితే 18,000 లాంటి అంకెలను మాత్రం జనాభా లెక్కల్లా తీసుకోకండి.

ప్రశ్న: యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టింది ఎదోమీయులేనని ఒక ప్రసంగంలో విన్నాను. నిజమేనా?

జవాబు: కాదండీ. రాజులు రెండో గ్రంథం 25వ అధ్యాయం స్పష్టంగా చెబుతుంది. తగలబెట్టింది బబులోను రాజు నెబుకద్నెజరు అంగరక్షకుల అధిపతి నెబూజరదాను. ఆ పూట ఎదోము పేరే అక్కడ లేదు. ఎదోమీయులు తగలబెట్టారన్న మాట చాలాకాలం తరవాత, ఎజ్రా పేరు మీదున్న ఒక గ్రీకు గ్రంథంలో వస్తుంది. ఆ ప్రసంగానికి మూలం అదే అయ్యుండాలి.

అలాగని ఎదోము చేతులు శుభ్రంగా ఉన్నాయని కూడా అనలేం. నెగెబులోని అరాదు కోటలో యోహానాన్ అహరోని తవ్వకాల్లో కుండపెంకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు దొరికాయి. యూదా రాజ్యపు ఆఖరి ఏళ్ళవి. వాటిలో 24వ పెంకు చూడండి. అరాదు నుంచీ కీనా నుంచీ మనుషుల్ని రామత్ నెగెబుకు పంపాలి, మల్కీయాహు వాళ్ళను తీసుకెళ్ళి యిర్మీయాహు కొడుకు ఎలీషాకు అప్పగించాలి, ఇది రాజాజ్ఞ, మీ ప్రాణాల మీదికొచ్చే సంగతి అని రాసి, కారణం చివర్లో చెప్పారు: ఎదోము అక్కడికి రాకుండా చూడాలి. అరచేతిలో పట్టే మట్టిపెంకు మీద ఆ తొందర ఇప్పటికీ కనబడుతుంది. ఉత్తరం రాసినవాడు కవి కాడు, ప్రవక్త కాడు. సరిహద్దు కాపలాకు మనుషులు చాలక తిప్పలు పడుతున్న అధికారి. అందుకే ఆ సాక్ష్యం నాకు అంత విలువైనది.

యూదా వాళ్ళ మంటకు ఇంకో కారణం యిర్మీయా 27వ అధ్యాయంలో ఉంది. యూదా చివరి రాజు సిద్కియా ఏలుబడిలో ఎదోము రాజు దూతలు, మోయాబు, అమ్మోను, తూరు, సీదోను దూతలతో పాటు యెరూషలేముకు వచ్చి కూర్చున్నారు. బబులోను మీద తిరుగుబాటు మాటలే నడిచినట్టుంది. కొన్నేళ్ళు తిరక్కుండానే, క్రీ.పూ. 586 ప్రాంతంలో, నగరం కూలుతున్నప్పుడు అదే ఎదోము పక్కన నిలబడి చూసింది. ఓబద్యా ప్రవక్త గ్రంథం మొత్తం 21 వచనాలు. నీ సహోదరుడి కష్టదినాన నువ్వు దూరంగా నిలబడ్డావు, దారులు కలిసే చోట మాటువేసి పారిపోయేవాళ్ళను పట్టిచ్చావు అని అందులో ఒక్కొక్కటీ లెక్కపెట్టి నిలదీస్తాడు. పునాదుల దాకా కూల్చండి అని ఎదోమీయులు కేకలేశారని 137వ కీర్తన. యెహెజ్కేలుది, విలాపవాక్యాలదీ అదే ఆక్రోశం. గుడిని కాల్చిన బబులోను మీద కంటే చూస్తూ ఊరుకున్న ఎదోము మీద వాళ్ళకు గుండె ఎక్కువ మండింది. పరాయివాడు కొడితే దెబ్బ ఒళ్ళు దాకానే పోతుంది.

ఇంకొక్క మాట చెప్పాలి, దీన్ని ఎవరూ ప్రసంగాల్లో చదవరు. యిర్మీయా 40వ అధ్యాయం 11వ వచనం. యుద్ధకాలంలో మోయాబులో, అమ్మోనులో, ఎదోములో తలదాచుకున్న యూదులు, బబులోను రాజు యూదా మీద గెదల్యాను అధికారిగా పెట్టాడని విని తిరిగొచ్చారని ఉంది. ఎదోములో! అంటే దారి కాచినవాళ్ళు కొందరుంటే, తలుపు తీసినవాళ్ళు కొందరున్నారు. నన్నడిగితే ఓబద్యాను ఒంటరిగా చదవకూడదు. ఒక పక్కన యోవాబు ఆరు నెలలను, ఇంకో పక్కన ఈ వచనాన్ని పెట్టుకుని చదవాలి. అప్పుడు ఓబద్యా బాధ తగ్గదు, హదదు బాధ కూడా దాని పక్కన కనబడుతుంది.

ఎదోముకు కూడా ఎంతో కాలం మిగల్లేదు. క్రీ.పూ. 553 ప్రాంతంలో బబులోను చివరి రాజు నబోనిడస్ ఆ కొండల మీదికి దండెత్తాడు. బుసేరాకు దగ్గర్లోని సెలా అనే కొండ గోడ మీద అతని శిల్పం ఇప్పటికీ ఉంది. రాజ్యంగా ఎదోము కథ అక్కడితో సరి.

ప్రశ్న: మోయాబు దేవుడు కెమోషు, అమ్మోను దేవుడు మిల్కోము. మరి ఎదోము దేవుడి పేరు బైబిల్లో కనబడదేం?

జవాబు: కోస్ అతని పేరు. అష్షూరు రాజులకు కప్పం కట్టిన ఎదోము రాజుల పేర్లలో ఉంటుంది: కౌస్ మలక, కోస్ గబ్ర్. ఈ రెండో రాజు ముద్ర పడిన మట్టిబిళ్ళ పెట్రా మీదున్న ఉమ్ అల్ బియారా కొండ మీద బెనెట్ తవ్వకాల్లోనే దొరికింది. బైబిల్ పొరుగు దేవుళ్ళందర్నీ పేరుపెట్టి తిడుతుంది, ఈ ఒక్కడి జోలికి పోదు. ఆ మౌనానికి నాకు తోచే కారణం ఒకటుంది. యెహోవా శేయీరు నుంచి ఉదయించాడని ద్వితీయోపదేశకాండం 33వ అధ్యాయం, ఎదోము పొలాల మీదుగా నడిచొచ్చాడని దెబోరా పాట అంటాయి. సీనాయి ఎడారిలోని కుంతిల్లెత్ అజ్రుద్ అనే చోట క్రీ.పూ. 800 ప్రాంతపు రాతల్లో 'తేమాను యెహోవా' అని ఉంది. తేమాను ఎదోము ప్రాంతమే. తమ దేవుడి అడుగుజాడలున్న నేలలోని దేవుణ్ణి దూషించడానికి ఇశ్రాయేలు నోరు రాలేదేమో. బబులోను నుంచి తిరిగొచ్చిన దేవాలయ సేవకుల పట్టీలో, ఎజ్రా 2వ అధ్యాయంలో, బర్కోసు అనే పేరుంది. ఆ పేరులో కోస్ దాగున్నాడని పండితులంటారు.

ప్రశ్న: హేరోదు ఎదోమీయుడని అంటారు. మరి యూదుల రాజు ఎలా అయ్యాడు?

జవాబు: రాజ్యం పోయాక, అంతకు ముందు నుంచీ కూడా, ఎదోమీయులు అరాబా దాటి పడమటికి, దక్షిణ యూదాలోకి జరిగారు. హెబ్రోను, మారేషా చుట్టుపక్కల స్థిరపడ్డారు. గ్రీకులు ఆ ప్రాంతాన్ని ఇదూమయ అన్నారు. క్రీ.పూ. 2వ శతాబ్దం చివర్లో యూదా పాలకుడు యోహాను హిర్కానస్ దాన్ని జయించి, సున్నతి చేయించుకుని యూదుల ధర్మం పాటిస్తేనే ఉండనిస్తానన్నాడు. వాళ్ళు ఒప్పుకున్నారని క్రీ.శ. ఒకటో శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. హేరోదు ఆ జనంలో పుట్టాడు. తాత ఇదూమయకు అధికారి, తండ్రి అంతిపతెరు రోమన్లకు కావలసినవాడు. రోము అండతో క్రీ.పూ. 37లో యెరూషలేము పట్టుకుని, క్రీ.పూ. 4లో చనిపోయేదాకా ఏలాడు. నెబూజరదాను కాల్చిన చోట తరవాత లేచిన దేవాలయాన్ని మహావైభవంగా తిరిగి కట్టించింది ఈ ఏశావు సంతతివాడే. క్రూరుడు, అందులో సందేహం లేదు. అతని క్రూరత్వాన్ని పుట్టుకకు అంటగట్టడం మాత్రం నాకు నచ్చదు.

అతని వంశంలోని అగ్రిప్ప రాజు గురించి యూదుల ధర్మసూత్రాల సంకలనమైన మిష్నాలో ఒక ముచ్చట ఉంది. పండుగనాడు జనం ముందు ధర్మశాస్త్రం చదువుతూ, నీ సహోదరుడు కాని అన్యుణ్ణి రాజుగా పెట్టుకోకూడదు అన్న చోటికి రాగానే అగ్రిప్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "భయపడకు అగ్రిప్పా, నువ్వు మా సహోదరుడివే" అని జనం కేకలేశారు. మూడో తరం దాటిందన్న లెక్క ఆ జనానికి తెలుసు.

క్రీ.శ. 68లో రోముతో యుద్ధం నడుస్తుండగా 20,000 మంది ఇదూమయులు యెరూషలేముకు వచ్చి నగరంలోని అంతర్యుద్ధంలో కలబడ్డారని జోసీఫస్ చెబుతాడు. ఆ యుద్ధం తరవాత వాళ్ళు వేరే జాతిగా కనబడరు, యూదుల్లో కలిసిపోయారు. తరవాతి కాలపు రబ్బీలు, అంటే యూదు ధర్మగురువులు, ఎదోము అన్న పేరును రోముకు పెట్టుకున్నారు.